ఏ ఊరి నీళ్లు తాగినవమ్మా?

ఆసుపత్రిలో అన్ని విభాగాల దారులూ కలిసే చోటు ఎక్స్‌రే గది. ఎముకల డాక్టరు మోకాలు తీయమని పంపుతాడు, ఛాతీ డాక్టరు ఊపిరితిత్తులు తీయమంటాడు, కిడ్నీ డాక్టరు రాళ్లున్నాయేమో చూడమంటాడు, నరాల డాక్టరు మెడ తీయమంటాడు. నల్లగొండ జిల్లాలో రేడియోగ్రాఫరుగా 1988లో చేరి 2021లో విరమించేదాకా ఈ చీటీలన్నీ నా బల్ల మీదుగానే నడిచాయి. రోగనిర్ధారణ చేసే అధికారం నాకు లేదు, ఉండకూడదు కూడా. చీటీలో ఏ భాగం రాసి ఉంటే ఆ భాగాన్ని సరైన కోణంలో పటం తీసి ఇవ్వడమే నా పని. అయితే ఒకే మనిషి ఏడెనిమిదేళ్ల వ్యవధిలో నాలుగైదు విభాగాల చీటీలతో నా గదికి రావడం చాలాసార్లు చూశాను. ఒక్కో చీటీ మీద ఒక్కో జబ్బు పేరు ఉండేది. ఆ పేర్లన్నిటి వెనకా ఉన్నది ఒకే బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని చెప్పగల గడి ఒక్కటి కూడా వాటిలో ఉండేది కాదు. నేను వాదించదలచింది ఆ గడి గురించే. మన ప్రాంతంలో రోగి చరిత్ర రాసుకునే ప్రతి ఓపీ చీటీలోనూ, ప్రతి కేసుషీటులోనూ అతడు ఏ ఊళ్లో, ఎన్నేళ్లు, ఏ నీళ్లు తాగాడో రాసి ఉండాలి. తాగునీళ్లు మారిన ఈ రోజుల్లో ఆ అవసరం తగ్గిందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి అది ఇప్పుడే ఎక్కువైంది.

మా గదిలో మాత్రం ఆ ప్రశ్న ఎప్పుడూ ఉండేది, వేరే కారణంతో. అప్పట్లో ఫిల్మును చీకటి గదిలో డెవలపర్‌లో ముంచి, ఫిక్సర్‌లో ఉంచి, కడిగి, క్లిప్పులకు వేలాడదీసి ఆరబెట్టేవాళ్లం. ఫిల్ము చెడితే డబ్బు దండుగ, రోగికి రెండోసారి కిరణాలు. ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చినవారి నడుముకు మామూలు కేవీ (కిరణాల బలాన్ని నిర్ణయించే కిలోవోల్టులు) పెడితే కిరణాలు ఆ ఎముకను దాటలేక పటం సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చేది, వెన్నుపూసల లోపలి గీతలేవీ కనిపించేవి కావు. నాకు పని నేర్పిన పెద్దాయన, "ముందుగాల ఊరు అడుగు. మర్రిగూడ అన్నా, నాంపల్లి అన్నా, చండూరు దిక్కన్నా కేవీ పెంచి కొట్టు" అని మా జిల్లా ఫ్లోరైడ్ మండలాల పేర్లు చెప్పేవాడు. అందుకే రోగిని బల్ల మీద పడుకోబెట్టే ముందు "ఏ ఊరు తాతా?" అని అడగడం మాకు అలవాటైంది. పటం బాగా రావడానికి మేము అడిగే ఆ ప్రశ్నే జబ్బు తెలుసుకోవడానికీ కావాలన్న సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

తరవాత డిజిటల్ యంత్రాలు వచ్చాయి. వాటివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. కానీ ఆ యంత్రం పటంలోని తెలుపు నలుపులను తనంతట తానే సర్దేస్తుంది. ఎముక మామూలుగా ఉన్నా, రాయిలా గట్టిపడినా, తెర మీద చూడటానికి ఇంచుమించు ఒకేలా కనిపించేలా చేస్తుంది. పాత ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టగానే "ఇది ఫ్లోరైడ్ ఎముక" అని కంటికి కొట్టినట్టు తెలిసేది. ఇప్పుడు ఆ తెల్లదనాన్ని నమ్మడానికి లేదు. పనిముట్టు మెరుగైనకొద్దీ, అడిగి తెలుసుకోవలసినది ఇంకా పెరిగిందని దీన్ని చూశాకే నాకు అర్థమైంది.

ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. దాని సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. నల్లగొండ, పాలమూరు నేల కింద ఉన్నది ఎక్కువగా బూడిద రంగు, గులాబీ రంగు గ్రానైటు. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, నీళ్లలో కాల్షియం తక్కువ అయినచోట రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచితే పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదించి, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5. మింగిన ఫ్లోరైడ్‌లో చాలా భాగం మూత్రంలో పోతుంది. ఒంట్లో నిలిచినదాంట్లో దాదాపు అంతా, అంటే 99 శాతం, ఎముకల్లోకీ పళ్లలోకీ చేరుతుంది. అలా ఏళ్ల తరబడి చేరగా ఎముక చిక్కబడుతుంది, కండరాలు అతుక్కునే చోట మొనలు లేస్తాయి, ఎముకలను కలిపి కట్టే నారలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్ను వంగదు. వెన్నుపాము నడిచే గొట్టం ఇరుకైతే కాళ్లలో బలం పోతుంది.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆమె పుట్టిల్లు మక్తల్ వైపు, కృష్ణ ఒడ్డుకు దగ్గరి ఊరు. 1967లో, పంతొమ్మిదేళ్ల వయసులో పెళ్లై మర్రిగూడ మండలంలోని అత్తగారి ఊరికి వచ్చింది. నలభై ఐదు దాటాక మెడ తిరగడం మానేసింది. ఎముకల డాక్టరు అది మెడ ఎముకల అరుగుదల అన్నాడు, పట్టీ ఇచ్చాడు. మూడేళ్ల తరవాత నడుము, తుంట్లు పట్టేశాయి. హైదరాబాదులో కీళ్ల నిపుణుడి దగ్గరికి తీసుకుపోతే వెన్ను బిగుసుకుపోయే వాతం కావచ్చన్నాడు, ఖరీదైన ఇంజక్షన్ల మాట ఎత్తాడు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగాక మూత్రపిండాల పరీక్షలో తేడా వచ్చింది, కిడ్నీ డాక్టరు దగ్గర కొత్త ఫైలు తెరిచారు. చివరికి 2006లో చెప్పులు కాళ్ల నుంచి జారిపోతున్నా తెలియని స్థితి వచ్చింది. ఈ పదమూడేళ్లలో ఏ డాక్టరూ అబద్ధం చెప్పలేదు, ఏ ఒక్కరూ అశ్రద్ధ చేశారని కూడా నేను అనను. ప్రతివారూ తన విభాగానికి చెందిన అవయవాన్ని శ్రద్ధగానే చూశారు.

మర్రిగూడ కోడలు అని తెలిసిన ఇద్దరు ఫ్లోరైడ్ అనుమానించారు కూడా. నోరు తెరిపించి చూసి, పళ్లు తెల్లగా, శుభ్రంగా ఉండటంతో ఆ ఆలోచన వదిలేశారు. ఇక్కడే నిర్ధారణ తప్పింది. పంటి పింగాణీ తయారయ్యేది చిన్నతనంలో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికే పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, గీతలు పడతాయి. పింగాణీ తయారైపోయాక ఎన్నేళ్లు తాగినా పళ్లు మచ్చపడవు, ఎముకలు మాత్రం పాడవుతాయి. పరాయి ఊరి నుంచి వచ్చిన కోడళ్లందరి పరిస్థితీ ఇదే. మన దగ్గర పెళ్లితో ఊరు మారేది ఆడవాళ్లే కాబట్టి, పళ్లు చూసి జబ్బు లేదని తేల్చే పద్ధతి వారికే ఎక్కువ అన్యాయం చేస్తుంది. కూతురి పళ్లు గారపట్టి, తల్లి పళ్లు మల్లెమొగ్గల్లా ఉన్న ఇళ్లు ఆ ఊళ్లలో ఎన్నో చూశాను. మెడ తిరగనిది మాత్రం తల్లికే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పెద్దమ్మ మెడ పటం రెండుసార్లు, నడుము పటం ఒకసారి నేనే తీశాను. కేవీ పెంచే తీశాను. అంటే ఎముక గట్టిపడిందని నా చేతికి తెలుసు. ముంజేతి పటం మాత్రం తీయలేదు, చీటీలో రాయలేదు గనుక. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఒక పలుచని పొర ఉంటుంది. ఎముకల ఫ్లోరోసిస్‌లో ఆ పొర అంచుల వెంట ముళ్లకంపలా ఎముక పెరుగుతుంది. మెడలో, నడుములో కనిపించే మార్పులు మరో నాలుగు జబ్బుల్లోనూ కనిపిస్తాయి గానీ, ముంజేతి పొర గట్టిపడటం దగ్గర అనుమానం చాలా వరకు తీరిపోతుంది. డాక్టరును కలిసి "సార్, చెయ్యి కూడా తీయమంటారా?" అని అడగడానికి నాకు అడ్డు ఎవరూ లేరు. అడగలేదు. 2006లో హైదరాబాదులో ఒక పెద్ద వయసు నరాల వైద్యుడు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మొదట అడిగిన మాట ఇది: "నీ పుట్టినూరేదమ్మా? అత్తగారి ఊళ్లె ఏ బాయి నీళ్లు తాగినవు, ఎన్నేండ్లు తాగినవు?" ఆమె చెప్పింది. ఆయన ముంజేతి పటం రాశాడు. అరగంటలో పదమూడేళ్ల చిక్కు వీడింది. మెడకు ఆపరేషన్ చేశారు. నడక కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు.

ఒకే జబ్బు ఇన్ని విభాగాలకు ఇన్ని రూపాల్లో ఎలా కనిపిస్తుందో ఆలోచిస్తే, తప్పు వైద్యుల తెలివిలో లేదని తెలుస్తుంది. పళ్ల వైద్యుడికి అది రంగు, కొందరికి అందం సమస్య. ఎముకల వైద్యుడికి అరుగుదల. కీళ్ల నిపుణుడికి వెన్ను బిగుసుకునే వాతం. అయితే ఆ వాతం ఎక్కువగా యువకులలో మొదలవుతుంది, తుంటి వెనక కీళ్లను ముందుగా పట్టుకుంటుంది. నరాల వైద్యుడికి వెన్నుపాము నొక్కుకుపోవడం. హార్మోన్ల నిపుణుడికి రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరగడం, విటమిన్ డి తగ్గడం, పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేయడం. మూత్రపిండాల నిపుణుడికి రెండు వైపులా ముడి ఉంది: కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గి ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది, ఎముకల నొప్పికి మింగే మాత్రలు కిడ్నీనే దెబ్బతీస్తాయి. క్యాన్సర్ వైద్యుడికి, ముసలివాడి నడుము పటంలోని తెల్లటి ఎముకలు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినట్టు కనిపించవచ్చు. అందరూ చూస్తున్నది నిజమే. ఆ నిజాలను కలిపే దారం నీళ్ల చరిత్రలో ఉంది, అది ఎవరి విభాగానికీ చెందదు.

ఈ జబ్బు మీద పరిశోధన మనకు కొత్తేమీ కాదు. భారతదేశంలో దీన్ని మొదట వైద్య పత్రికకు ఎక్కించినది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి, 1937లో, హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు. మన నల్లగొండ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన సంవత్సరం అది. హైదరాబాదు నరాల శస్త్రవైద్యులు డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు ఈ రోగుల వెన్నుపామును అధ్యయనం చేశారు. ఆపరేషన్‌తో కొంత మేరకే కోలుకుంటారని, నివారణ తప్ప మార్గం లేదని 2009లో ఒక సమీక్షా వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చే ఆ "నల్లగొండ పద్ధతి" టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది.

ఈ పరిశోధనల్లో నన్ను ఎక్కువగా కదిలించినది మాత్రం జాతీయ పోషకాహార సంస్థ వారిది. కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి రాశారు. ఫ్లోరైడ్ ఊళ్లలో అంతవరకు పెద్దగా కనిపించని తీరుగా, పెరిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి ఒరుసుకుంటూ కాళ్లు వంకర తిరుగుతున్నాయి. వెన్నెముక గట్టిపడుతుండగా కాలి ఎముకలు గుల్లబారుతున్నాయి. ఒకే నీళ్లు రెండు రకాల ఎముకలను ఎలా చేస్తాయి? వారు ఆ ప్రశ్నను పట్టుకుని ఇంట్లో వండే గింజ దాకా వెళ్లారు. జొన్నలు తినేవారి ఒంట్లో అన్నం తినేవారికన్నా ఎక్కువ ఫ్లోరైడ్ నిలుస్తుందని అదే సంస్థలో జరిగిన అధ్యయనంలో తేలింది. పెద్ద ఆనకట్ట కట్టాక భూగర్భ జలం పైకి లేచిన చోట్ల నేలలో, జొన్న గింజలో మాలిబ్డినం అనే లోహం పెరిగి, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఎముక బలహీనపడి ఉండవచ్చని వారు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనలో ప్రతి అడుగూ తేలిందని నేను అనను. కానీ రోగి కాలి ఎముక దగ్గర మొదలైన ప్రశ్న గింజకూ, నేలకూ, ఆనకట్టకూ చేరింది, ఏ విభాగం గోడా దాన్ని ఆపలేదు. క్లినికల్ పరిశోధన అంటే నా మనసులో ఉన్న బొమ్మ అదే. ఇంత పరిశోధన జరిగిన జిల్లాలో, మా పెద్దమ్మను పదమూడేళ్ల పాటు ఎవరూ నీళ్ల గురించి అడగలేదు. పత్రికలో అచ్చయిన జ్ఞానం ఓపీ చీటీ దాకా దిగి రాలేదు.

అడిగితే ఏమవుతుందో చెప్పడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటుంది. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో నవీన్ కాకుమాను, సుధాకర్ రావు అనే వైద్యులు డెట్రాయిట్ నుంచి ఒక రోగి పటాలు ప్రచురించారు. నలభై ఏడేళ్ల స్త్రీ, ఐదేళ్లుగా నడుము, చేతులు, తుంట్ల నొప్పి, పటంలో వెన్నుపూసలు తెల్లగా చిక్కబడి ఉన్నాయి, ముంజేతి పొర గట్టిపడింది. క్యాన్సర్ అనుమానంతో ఆమెను పంపారు. ఆరా తీస్తే, రోజూ వంద నుంచి నూట యాభై టీ సంచులు వేసిన కూజా టీని పదిహేడేళ్లుగా తాగుతున్నట్టు తేలింది. టీ ఆకు నేలలోని ఫ్లోరైడ్‌ను బాగా పట్టుకుంటుంది. అమెరికాలో అరుదైన ఆ జబ్బును వెంటనే పోల్చుకోగలిగింది, భారతదేశంలో అలాంటి పటాలు చూసిన అనుభవం వల్లనేనని సుధాకర్ రావు పత్రికల వారికి చెప్పారు. మన నేల రోగులు నేర్పిన చూపు డెట్రాయిట్‌లో అక్కరకు వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఆ చూపును నిలబెట్టుకోవడం మన పని.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఫ్లోరైడ్ పేరు ఎక్కువగా వినిపించే చోట ప్రతి నొప్పికీ అదే పేరు పెట్టడం ఇంకో ప్రమాదం. నాంపల్లి వైపు నుంచి ఒకాయన నడుము నొప్పితో రెండేళ్లు తిరిగాడు. పళ్లు గారపట్టి ఉన్నాయి, ఊరు పేరు చాలు, అందరూ ఫ్లోరైడ్ అన్నారు, నేనూ అన్నాను. "గీ నీళ్ల బతుకు గింతే సారూ" అని అతనూ సరిపెట్టుకున్నాడు. సాయంత్రం పూట సన్నజ్వరం వస్తున్నదని, ఒళ్లు చిక్కిపోతున్నదని అతను చెబుతూనే ఉన్నాడు. వెన్నుపూసల మధ్య సందు కరిగి, పక్కన చీము చేరాక గానీ అది వెన్ను క్షయ అని తేలలేదు. క్షయకు మందు ఉంది, పూర్తిగా నయమయ్యే జబ్బు. రెండేళ్ల ఆలస్యంతో అతని నడుము శాశ్వతంగా వంగిపోయింది. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి క్షయ రావచ్చు, క్యాన్సర్ రావచ్చు, బీ12 తగ్గి అరికాళ్లు తిమ్మిరెక్కవచ్చు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి, ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడం ఉంటే "ఇది ఫ్లోరైడే" అని ఆగిపోవడం నేరమే అంటాను.

అయితే ఈ రెండు తప్పులకూ మూలం ఒకటేనని నా నమ్మకం. మొదటిదాంట్లో ఏ నీళ్లు తాగిందో అడగలేదు, రెండోదాంట్లో ఊరు పేరు విని మిగతావి అడగడం ఆపేశారు. మండలం పేరు ఒక ముద్ర మాత్రమే, అది చరిత్ర కాదు. ఒకే ఊళ్లో చెరువు కింది చేదబావిలో తక్కువ, పొలం గట్టున వేసిన బోరులో ఎక్కువ ఫ్లోరైడ్ ఉండవచ్చు. ఎన్నేళ్లు, ఏ వయసులో, ఏ బావి, రోజుకు ఎంత, ఎండలో కూలి చేసిన మనిషా, వంటకు ఏ నీళ్లు వాడారు? ఇంత వివరంగా అడిగినవాడికి, అతని నొప్పిలో ఎంత భాగం నీళ్లతో చెల్లిపోతుందో, ఎంత భాగం మిగిలిపోతుందో తెలుస్తుంది. ఆ మిగిలిన భాగంలోనే క్షయ దాక్కుని ఉంటుంది.

నీళ్లతో పాటు పని కూడా అడగాలి. షాద్‌నగర్, కొత్తూరు దిక్కున పలుగురాయిని పిండి చేసే మిల్లుల్లో పనిచేసినవారి ఛాతీ పటాలు నేను తీశాను. ఊపిరితిత్తుల పై భాగాల్లో సన్నని గింజలు చల్లినట్టు ఉండే ఆ పటం క్షయను పోలి ఉంటుంది. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ క్షయను పిలుచుకొస్తుంది కూడా. ఏం పని చేసేవాడివని అడగకపోతే రెండు జబ్బుల్లో ఒకటే దొరుకుతుంది. వైద్యుడు రోగిని అతని పని గురించి తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే చెప్పాడు. మన చీటీలో "వృత్తి" గడిలో ఇప్పటికీ అందరికీ "కూలి" అని రాస్తున్నారు.

ఇప్పుడు అడిగినా ఏం ప్రయోజనం, జబ్బే పోయింది కదా అనేవారున్నారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ కృష్ణ నీళ్లను ఊరూరికీ తెచ్చిందన్నది నేను కళ్లారా చూసిన నిజం. 2020లో కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నాకు చేరాయి. ఆ రోజు కోసం వంకర తిరిగిన ఒంటితో ఊళ్లూ నగరాలూ తిరిగి గొంతెత్తిన శివన్నగూడెం అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. పిల్లల పళ్లు తెల్లగా వస్తున్నాయి, అందుకు సంతోషించని మనిషి మా ప్రాంతంలో ఉండడు. అయితే లెక్కలో సున్నా అయినది ఆవాసాల నీళ్లు. 1970లలో, 80లలో, 90లలో బోరింగు నీళ్లు తాగినవారి ఎముకల్లోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పొలం కాడ దాహమైతే ఇప్పటికీ బోరు నీళ్లే. ఇక రోగనిర్ధారణకు వచ్చిన కొత్త చిక్కు ఏమిటంటే, ఈనాటి కుళాయి నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఉండదు. మూత్రంలోని ఫ్లోరైడ్ ఎక్కువగా ఈమధ్య తాగిన నీళ్ల సంగతే చెబుతుంది, నీళ్లు మారాక అదీ తగ్గుతుంది. కొత్తగా చదువుకుని వచ్చే యువ వైద్యుడికి రెండు కాగితాలూ మామూలుగా ఉన్నాయని చూపిస్తే, అతను ఫ్లోరోసిస్‌ను కొట్టేస్తాడు. పాత బావి పూడిపోయింది, బోరింగు పీకేశారు. సాక్ష్యం ఇక రెండు చోట్లే ఉంది, రోగి ఎముకలో, రోగి జ్ఞాపకంలో. రెండోది అడిగితేనే వస్తుంది, ఆ తరం ఉన్నంత కాలమే వస్తుంది.

మందు లేని జబ్బును గుర్తించి చేసేదేమిటని ఒక మంచి డాక్టరే నన్ను అడిగాడు. చేసేది చాలా ఉంది. గుర్తిస్తే ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు రాసే ముందు కిడ్నీని చూస్తారు. వాతం ఇంజక్షన్ల కోసం ఎకరం అమ్ముకోవలసిన పని ఉండదు. కాల్షియం, విటమిన్ డి లోటు ఉంటే పూడుస్తారు. కాళ్లలో బలం తగ్గడం మొదలైనప్పుడే వెన్నుపామును చూస్తారు, పూర్తిగా పడిపోయాక చూడరు. శస్త్రవైద్యుడు గట్టిపడిన ఎముకకు సిద్ధపడి కత్తి పడతాడు. వికలాంగుల ధ్రువపత్రానికి సరైన పేరు ఉంటుంది. ఇంట్లో మిగతావారు పొలం బోరు నీళ్లు మానేస్తారు.

రెండొందల మంది ఓపీలో ఇంత అడగడానికి తీరిక ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. డాక్టరే అడగనక్కర లేదు. చీటీ రాసే కిటికీ దగ్గరో, బీపీ చూసే నర్సు దగ్గరో, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరో ఈ గడి నిండవచ్చు: పుట్టినూరు, ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు, పెళ్లి తరవాతి ఊరు, అక్కడి నీళ్లు, ఎన్నేళ్లు, చేసిన పనులు. ఫ్లోరోసిస్ నివారణకు 2008-09లో మొదలైన జాతీయ కార్యక్రమం చెప్పిన మూడు పరీక్షలకు ఒక్క పైసా ఖర్చు లేదు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక తాకించడం. ఈ మూడింట్లో ఇబ్బంది ఉంటే ముంజేతి పటం ఒకటి తీయించాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో, సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మెడ అరుగుదల అని రాసుకున్నవారిలో ఎంతమంది ఎన్నేళ్లు ఏ నీళ్లు తాగారన్నది అక్కడి పిల్లలు చేయదగిన పరిశోధన. ఊరూరి పాత బోర్ల నీటి పరీక్షల లెక్కలు గ్రామీణ నీటి సరఫరా విభాగం తీసి ఉంచినవే, రోగి చెప్పే ఊరికీ ఏడాదికీ వాటిని జతపరచాలి. అరుదైన జన్యువుల మీద వ్యాసాలు రాయడం నేను కాదనను. మన వాకిట్లో ఉన్న రోగుల తరం మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు మన కోసం ఆగదు.

2019లో పెద్దమ్మ వాకిట్లో జారి పడింది, తుంటి ఎముక విరిగింది. ఫ్లోరైడ్ ఎముక చిక్కగా ఉంటుంది గానీ పెళుసు. హైదరాబాదులో ఈసారి వేరే ఆసుపత్రి. వయసులో చిన్నవాడైన శస్త్రవైద్యుడు పటం చూసి, కటి ఎముకలన్నీ ఇలా తెల్లగా ఎందుకున్నాయని ఆగిపోయాడు, రొమ్ము క్యాన్సర్ పాకిందేమో చూడాలన్నాడు. చూడటం మంచిదే, చూడమనే చెప్పాను. ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని కూడా అడిగాడు. "భగీరథ నీళ్లే బిడ్డా, మంచిగున్నయ్" అంది పెద్దమ్మ. అతను తల ఊపి ముందుకు పోబోయాడు. అప్పటికే నా జేబులో ఒక కాగితం ఉంది, ముందురోజు రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగి రాసినది. పుట్టినప్పటి నుంచి 1967 దాకా పుట్టినూళ్లో ఏటి నీళ్లు. పెళ్లైన నాటి నుంచి ఊరి నడుమ చేదబావి, రోజుకు నాలుగు బిందెలు, పొలంలో మోటబావి. పెద్దోడికి మూడోయేట, అంటే 1974లో, బడి వెనక బోరింగు వేశారు, అప్పటి నుంచి తాగడానికీ వండడానికీ అదే, నలభై ఏళ్లకు పైగా. 2017 తరవాత కుళాయి. ఆ డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ముంజేతి పటం కూడా రాశాడు, క్యాన్సర్ పరీక్షలూ రాశాడు. అవి ఏమీ లేదని వచ్చాయి. తరవాత నా కాగితాన్ని కేసుషీటు మొదటి పేజీకి పిన్ను కొట్టి, "ఇట్ల రాసి ఎవరూ తేరండీ" అన్నాడు. ఇంకో తెల్ల కాగితం అడిగి తీసుకుని, పక్క మంచం మీది దేవరకొండ ముసలాయన దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.